ఆరభా, దేవగాంధారా?

కచేరీలో ముందు వరసలో కూర్చున్న రసికుడు ఆలాపన అందుకోగానే "ఆరభి" అని పక్కవాడి చెవిలో ఊదేస్తాడు. ఎలా తెలిసిందండీ అంటే చెప్పలేడు. పుస్తకం తిరగేస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆరభికి ఆరోహణ సరిమపదస, అవరోహణ సనిదపమగరిస. దేవగాంధారికీ అక్షరాలా అవే. త్యాగరాజస్వామి 'సాధించెనే' ఆరభిలోనూ, 'క్షీరసాగర శయన' దేవగాంధారిలోనూ చేశారు. రెండూ విన్న చెవి ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడదు. ఆరభి జంట స్వరాలతో చురుగ్గా సాగుతుంది, గాంధార నిషాదాలను ఇలా తాకి అలా వదిలేస్తుంది. దేవగాంధారిది నిదానపు నడక. రిషభం మీద ఊగుతూ, ఆగి ఆగి కదులుతుంది. ఏ గురువైనా ఈ తేడాను మాటల్లో చెప్పేది తక్కువ, పాడి చూపించేదే ఎక్కువ.

కంప్యూటర్‌కి పాడి చూపిస్తే సరిపోదు. ఏది కొలవాలో, ఎంతసేపు కొలవాలో, ఏది పట్టించుకోనక్కర్లేదో విడమరిచి చెప్పాలి. ఆ విడమరిచే విద్యనే ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మ్యూజిక్ ఇన్ఫర్మేషన్ రిట్రీవల్ అనే పేరుతో చదువుతున్నారు. ఆ రంగంలోని వాళ్లు పొడి అక్షరాల్లో ఎంఐఆర్ అంటారు. వీళ్ల వార్షిక సదస్సు 'ఇస్మిర్' 2000లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో మొదలై, 2022లో బెంగళూరుకు వచ్చింది.

జనానికి ఈ శాస్త్రం తెలిసింది షజామ్ లాంటి యాప్‌ల వల్ల. హోటల్లో ఏదో పాట వస్తుంటుంది, ఫోన్ చూపిస్తే పేరు చెబుతుంది. దాని కిటుకును ఏవరీ వాంగ్ 2003లోనే పత్రంగా ప్రచురించాడు. ధ్వనిలో బలంగా ఉన్న బిందువులను ఏరి, వాటిని జతలుగా కట్టి, వేలిముద్రలా దాచిపెట్టుకోవడం. గోల మధ్యలో కూడా అది పనిచేస్తుంది. కానీ అది గుర్తుపట్టేది రికార్డింగునే తప్ప పాటను కాదు. ఒకే విద్వాంసుడు ఒకే కీర్తనను నిన్న ఒకలా, ఇవాళ ఒకలా పాడితే ఆ వేలిముద్రలు కలవవు. మనోధర్మమే ప్రాణమైన సంగీతం దగ్గర షజామ్ చేతులెత్తేస్తుంది. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

స్పెయిన్‌లోని బార్సిలోనాలో పాంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి ఆచార్యుడు జేవియర్ సెర్రా 2011లో ఐరోపా పరిశోధన మండలి నిధులతో 'కాంప్‌మ్యూజిక్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. పాశ్చాత్య పాప్ సంగీతం కోసం చేసిన పనిముట్లతో ప్రపంచమంతటినీ కొలవడం తప్పని ఆయన వాదన. అందుకే కర్ణాటక, హిందుస్తానీ, తుర్కీ మకామ్, అరబ్-అండలూసియన్, బీజింగ్ ఒపేరా సంప్రదాయాలు ఐదింటిని ఎంచుకున్నారు. మన వైపు నుంచి ఐఐటీ మద్రాసు, ఐఐటీ బొంబాయి ఇందులో కలిసి పనిచేశాయి. కర్ణాటక సంగీతం కంప్యూటర్ ప్రయోగశాలలోకి గట్టిగా అడుగుపెట్టింది ఈ దారినే.

వాళ్లు చేసే పనిని కొంచెం దగ్గరగా చూద్దాం. సీడీలో పాటంటే ఒక్కో చానెల్‌లో సెకనుకు 44,100 అంకెల చొప్పున సాగే వరస. అందులో రాగమూ లేదు, తాళమూ లేదు. దాన్ని సెకనులో చిన్న వంతు ఉండే ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ పౌనఃపున్యాలు ఎంత బలంగా ఉన్నాయో ఫోరియర్ గణితంతో తీస్తారు. గాత్రం, వయొలిన్, మృదంగం, తంబురా అన్నీ ఒకేచోట కలిసి ఉంటాయి. వీటిలోంచి ప్రధాన గానరేఖను లాగడానికి సాలమన్, గోమెజ్ 2012లో ప్రచురించిన 'మెలోడియా' పద్ధతి ఇప్పటికీ విద్యార్థులకు మొదటి పాఠాల్లో ఒకటి. మన కచేరీల్లో దానికి పెద్ద అడ్డంకి వయొలిన్. గాయకుడు ఆగినప్పుడల్లా ఆ రేఖ వయొలిన్ మీదికి దూకుతుంది. నీడలా వెంటాడటమే పక్కవాద్య ధర్మం కాబట్టి వయొలినిస్టును తప్పుపట్టలేం.

తర్వాతి పని షడ్జం పట్టుకోవడం. పియానోలో ఏ మెట్టు ఎంత పలకాలో ముందే ఖాయం. మన దగ్గర ఒకరు ఒకటో శ్రుతిలో పాడితే ఇంకొకరు ఐదున్నరలో పాడతారు. ఆధార షడ్జం తేలకపోతే మిగతా స్వరాలకు అర్థమే లేదు. దీనికి తంబురా సాయం చేస్తుంది. పాశ్చాత్య పనిముట్లు వెనకాల రొదగా భావించి చెరిపేయాలని చూసే తంబురా నాదమే ఇక్కడ ఆచూకీ చెప్పే సాక్షి. ఇంత చక్కటి తలకిందులు నాకు ఈ శాస్త్రంలో మరోచోట కనిపించలేదు.

షడ్జం దొరికాక దాని నుంచి తారషడ్జం దాకా దూరాన్ని 1200 సెంట్లుగా పంచి, గొంతు ఏ ఎత్తున ఎంతసేపు నిలిచిందో పటం గీస్తారు. శంకరాభరణం, కల్యాణి లాంటివి ఈ పటంలో తేలిగ్గానే విడిపోతాయి, మధ్యమం వేరు కనుక. తోడి మాత్రం ఏడిపిస్తుంది. అందులో సాధారణ గాంధారం 300 సెంట్ల దగ్గర ఉండాలి. పటంలో అక్కడ శిఖరం కనిపించదు. గొంతు అక్కడ నిలవనే నిలవదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఆ ఊపులోనే గాంధారాన్ని వినిపిస్తుంది. స్వరం అంటే ఒక బిందువు అనుకున్న విద్యార్థి అది ఒక కదలిక అని ఇక్కడ తెలుసుకుంటాడు. మన తాతలకు తెలియనిది కాదు, కానీ అంకెల్లో చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

పరిశోధకుడు సంకల్ప్ గులాటీ బృందం 2016లో దీనికొక ఉపాయం చెప్పింది. చలన వ్యవస్థల గణితం నుంచి అరువు తెచ్చుకున్నదే. గొంతు ఈ క్షణాన ఎక్కడుంది, కాస్త ముందు ఎక్కడుంది అనే రెంటినీ జత చేసి ఒక పటం మీద చుక్కలు పెడతారు. నిలకడ స్వరాలు కర్ణరేఖ మీద పడతాయి, గమకాలు దాని అటూ ఇటూ పరుచుకుంటాయి. అంటే స్వరాలతో పాటు నడక కూడా బొమ్మలోకి వస్తుంది. 40 రాగాల్లో 480 కర్ణాటక రికార్డింగుల మీద పరీక్షిస్తే సుమారు 87 శాతం సరిగ్గా వచ్చాయి. తప్పినచోట్ల ఎక్కువగా దగ్గరి చుట్టాలైన రాగాలే ఉన్నాయి. మనుషులు తడబడే చోటే యంత్రమూ తడబడిందంటే అది వెళ్తున్న దారి సరైనదేనని నా నమ్మకం.

తాళం సంగతి మరీ తమాషా. పాశ్చాత్య పాప్ పాటల్లో దెబ్బను డ్రమ్ము వినిపిస్తుంది కాబట్టి ప్రోగ్రాము దాన్ని పట్టేస్తుంది. మన ఆదితాళం ఎనిమిది దెబ్బలూ గాయకుడి తొడ మీద పడతాయి, రికార్డింగులో ఉండవు. మృదంగం ఆ దెబ్బల మీదే మోగాలన్న నియమం లేదు, అది లెక్కలతో ఆడుకుంటుంది. పైగా కీర్తన ప్రతిసారీ సమంలోనే, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీదే ఎత్తుకోదు, కొన్నిసార్లు అరదెబ్బ దాటాకో, ఒకటిన్నర తర్వాతో మొదలవుతుంది. అందుకే ముందు ఎవరో తాళం తెలిసిన మనిషి కూర్చుని, పాట వింటూ ఒక్కో ఆవర్తనానికీ సమం ఎక్కడ పడిందో గుర్తు పెట్టాలి. విద్యార్థుల గంటలెన్నో ఈ పనిలోనే కరిగిపోతాయి. విసుగు పని అంటారు గానీ, ఇది తప్పితే మిగతాదంతా తప్పే.

ఈ చదువు నేర్పే ఇంకో గుణం అనుమానం. 2002లో వచ్చిన 'జీటీజాన్' అనే పాటల మూట ఈ రంగంలో ఎంతో ప్రసిద్ధం. పది రకాల సంగీతం, ఒక్కోదానికి వంద ముక్కలు, ముక్కకు 30 సెకన్లు. ఏళ్ల తరబడి అందరూ దాని మీద మార్కులు చెప్పుకున్నారు. తర్వాత పరిశోధకుడు బాబ్ స్టర్మ్ తవ్వి చూస్తే అందులో ఒకే పాట రెండుసార్లు ఉండటం, తప్పు పేర్లు ఉండటం బయటపడ్డాయి. రాగం విషయంలోనూ అదే ప్రమాదం. ఒకే విద్వాంసుడి రికార్డింగులు నేర్చుకునే మూటలోనూ, పరీక్ష మూటలోనూ ఉంటే, యంత్రం రాగాన్ని వదిలేసి ఆయన గొంతునూ ఆ మైకునూ నేర్చుకుని మంచి మార్కులు తెచ్చుకోగలదు. కృత్రిమ మేధ గురించి గొప్పగా చెప్పే ప్రకటనలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ శాస్త్రం చదవాలంటే సిగ్నల్ ప్రాసెసింగ్, సంభావ్యత, పైథాన్ తప్పవు. పాంపెవు ఫాబ్రాలో ధ్వని, సంగీత కంప్యూటింగ్ మీద ప్రత్యేకంగా మాస్టర్స్ ఉంది. లండన్ క్వీన్ మేరీలో డిజిటల్ సంగీతానికే ఒక పరిశోధన కేంద్రం ఉంది. లిబ్రోసా, ఎసెన్షియా, సోనిక్ విజువలైజర్ లాంటి పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి కనుక ఇంట్లో కూర్చునీ మొదలుపెట్టొచ్చు. లెక్కలు తర్వాతైనా నేర్చుకోవచ్చు, పదేళ్లు గురువు దగ్గర కూర్చున్న చెవి మాత్రం కోర్సుతో రాదు.

అలాంటి చెవికి మన దగ్గర కొదవ లేదు. త్యాగయ్య కృతులు అత్యధికం తెలుగులో ఉన్నాయి. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో పెరిగిన తరాలున్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో సంగీత శాఖా ఉంది, కంప్యూటర్ శాఖా ఉంది, ఈ రెండింటినీ ఒక గదిలో కూర్చోబెట్టే కోర్సే కావాలి. అది వచ్చేదాకా ఒక మనవి. ఇంజినీరింగులో సీటు వచ్చిందని మీ అమ్మాయి వీణ పక్కన పెట్టేస్తానంటే, ఊరుకోకండి. ఈ రెండూ కలిపి చదివే చోట్లున్నాయని చెప్పండి.