వంగే గుంజ, నిలిచే మణికట్టు

యుద్ధవిద్య నేర్చేవాళ్లు ఒళ్లు గట్టిపరచుకోవడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా అని ఎవరైనా అడిగితే, నేను ఒకినావా కరాతేలో వాడే మకివారాను చూపిస్తాను. పైకి అది భూమిలో పాతిన చెక్క గుంజే. పనితనమంతా అది సన్నబడే తీరులో ఉంది. మొదలు దగ్గర దిట్టంగా ఉన్న పలక గుద్దు తగిలే చోటికి వచ్చేసరికి బాగా పలచబడుతుంది. అక్కడ వరిగడ్డితో పేనిన తాడును దగ్గరదగ్గరగా చుడతారు. మందం ఎక్కువైతే దెబ్బంతా తిరిగి కీళ్ల మీదే పడుతుంది. తక్కువైతే చేతికి ఎదురే ఉండదు. వంగాలి, వంగినకొద్దీ బిగియాలి. ఆ లెక్క తెలిసి చిత్రిక పట్టిన చేతికి దండం పెట్టాలి!

దాన్ని గుద్దేటప్పుడు చూపుడువేలు, నడిమివేలు మొదళ్లలోని కణుపులు రెండే తగలాలి. మణికట్టు రవ్వంత మడతపడినా నొప్పి వెంటనే తెలుస్తుంది. గాలిలో గుద్దితే భుజం పైకి లేచినా, మడమ తేలినా బయటపడదు. ఇక్కడ ఆ తప్పు జరిగితే పలక వంగకుండా ఆగిపోతుంది, దెబ్బకు మనిషే వెనక్కి ఊగుతాడు.

గుంజ మీదే కాదు, మనిషి ఒంటి మీదా ఈ సాధన ఉంది. కరాతే గురువు ఉయెచి కన్బున్ 1897లో చైనాలోని ఫుజౌకు వెళ్లి, విద్య నేర్చుకుని 1910లో ఒకినావాకు తిరిగొచ్చాడు. ఆయన పేరిట నడుస్తున్న ఉయెచి-ర్యూ శైలిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు తాటించుకుంటారు. సాన్‌చిన్ అనే కటా (వరసగా చేసే కదలికలు) చేస్తున్న శిష్యుడి భుజాలను, పొట్టను, తొడలను గురువు చరుస్తాడు. దెబ్బ పడినా ఊపిరి తప్పకుండా, అడుగు కదలకుండా ఉన్నాడా అని చూస్తాడు. ఈ సాధనలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. దెబ్బ తగిలినప్పుడు బిత్తరపోని మనిషికే నేర్చిన విద్య అక్కరకొస్తుంది.

ఇక ఒంటి సంగతికొస్తే, ఎముక తన మీద పడే ఒత్తిడిని బట్టి మారుతుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకమే రాశాడు. కీళ్లలోని మృదులాస్థి మాత్రం అరిగితే సులువుగా తిరిగి రాదు. అందుకే కణుపుల మీద కాయలు కట్టించుకోవడమే సాధన అనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎముకలు ఎదిగే వయసు పిల్లల చేత గట్టి గుంజను గుద్దించడం తప్పు. పెద్దవాళ్లయినా మెత్తని గుద్దులతోనే మొదలుపెట్టాలి. కీలు వాస్తే అది తగ్గేదాకా ఆపాలి. మణికట్టు నిలిచాకే బలం పెంచాలి, కుడిచేతివాటం వాళ్లయితే ఎడమచేత్తో నాలుగు ఎక్కువ గుద్దాలి.