ఈ మెయిల్ నాకెందుకొచ్చింది? బగ్‌జిల్లా, జిరా పద్ధతుల పోలిక

ఇష్యూ ట్రాకర్‌లో ఒక బగ్ స్థితి మారితే ఆ సంగతి ఎవరెవరికి మెయిల్‌లో చేరాలి? దాన్ని తేల్చే అధికారం ఎవరిది? ఈ రెండో ప్రశ్న దగ్గరే బగ్‌జిల్లా, జిరా దారులు విడిపోతాయి. 1998లో నెట్‌స్కేప్‌లో టెరీ వైస్‌మన్ మొజిల్లా ప్రాజెక్టు కోసం రాసిన బగ్‌జిల్లా ఆ అధికారాన్ని చాలావరకు మెయిల్ అందుకునే మనిషికే ఇచ్చింది. 2002లో అట్లాసియన్ తెచ్చిన జిరా దాన్ని అడ్మిన్ చేతిలో పెట్టింది.

బగ్‌జిల్లాలో ప్రతి యూజర్‌కూ ఈమెయిల్ ప్రిఫరెన్సెస్ అనే పేజీ ఉంటుంది. అందులో ఒక పట్టిక. పైవరుసలో పాత్రలు: బగ్ నమోదు చేసినవారు, అసైన్ అయినవారు, క్యూఏ కాంటాక్ట్, సీసీలో ఉన్నవారు. నిలువునా సంఘటనలు: కొత్త కామెంట్, కొత్త అటాచ్‌మెంట్, స్టేటస్ లేదా ప్రయారిటీ మార్పు, సీసీ జాబితా మార్పు వగైరా. ప్రతి గడిలోనూ టిక్ పెట్టాలో తీసేయాలో యూజర్ ఇష్టం. అసైన్ అయిన బగ్‌ల మీద ప్రతి కదలికా తెలియాలని, ఊరికే సీసీలో ఉన్నవాటికి పరిష్కారమైనప్పుడు లేదా మళ్లీ తెరిచినప్పుడు మాత్రమే చెప్పాలని ఒకే మనిషి కోరుకోవచ్చు. తను చేసిన మార్పులకు తనకే మెయిల్ రాకుండా ఆపుకోవచ్చు. సహోద్యోగి సెలవులో ఉంటే యూజర్ వాచింగ్ ద్వారా వారి మెయిల్‌ను తనూ అందుకోవచ్చు.

జిరాలో ఈ పట్టిక స్థానంలో నోటిఫికేషన్ స్కీమ్ ఉంటుంది. ఇష్యూ సృష్టించినప్పుడు, అసైన్ చేసినప్పుడు, కామెంట్ రాసినప్పుడు, ముగించినప్పుడు ఎవరికి పంపాలో అడ్మిన్ నిర్దేశిస్తాడు. గ్రహీతల్లో రిపోర్టర్, అసైనీ, వాచర్ల (ఆ ఇష్యూను గమనించేందుకు చేరినవారి)తో పాటు ప్రాజెక్ట్ లీడ్, ప్రాజెక్ట్ రోల్, గ్రూప్ కూడా ఉండొచ్చు. వర్క్‌ఫ్లోలో ఒక అడుగుకు సొంత ఈవెంట్ తగిలించి, దానికి ప్రత్యేకంగా మెయిల్ పంపించే వీలూ ఉంది. విడుదలకు ముందు క్యూఏ బృందానికి తప్పకుండా కబురు అందాల్సిన సంస్థకు ఇది నిజంగా పనికొచ్చే బలం. బగ్‌జిల్లాలో అంత హామీ లేదు. కాంపొనెంట్‌కు డిఫాల్ట్ సీసీ పెట్టినా, ఆ మనిషి తన గడులన్నీ ఖాళీ చేసుకుంటే కబురు అందదు.

ఆ బలంలోనే జిరా బలహీనత కూడా ఉంది. ఒక స్కీమ్‌ను ఎన్నో ప్రాజెక్టులు పంచుకోగలవు. ఒక ప్రాజెక్టు కోసం చేసిన సవరణ మిగతా వాటికీ వర్తిస్తుంది. ఒక గ్రూప్‌ను ‘ఇష్యూ అప్‌డేటెడ్’ దగ్గర చేర్చారంటే, అందులోని ప్రతి ఒక్కరికీ ప్రతి చిన్న మార్పూ మెయిల్‌గా వచ్చి పడుతుంది. ఆ స్కీమ్‌ను మార్చడం వాళ్ల చేతిలో ఉండదు.

ఇంకా పెద్ద తేడా మెయిల్ అడుగున ఉంది. ఈ మెయిల్ మీకెందుకు వస్తోందో, మీరు అసైనీయా, సీసీలో ఉన్నారా అన్నది బగ్‌జిల్లా చివర్లో రాస్తుంది. అదే సంగతి ఎక్స్-బగ్‌జిల్లా-రీజన్ అనే హెడర్‌లోనూ ఉంటుంది కనుక, మెయిల్ ప్రోగ్రాంలో దాన్ని పట్టుకుని ఫిల్టర్ రాసుకోవచ్చు. ఫలానా మనిషికి ఫలానా మెయిల్ ఎందుకు వస్తోందో, ఎందుకు రావడం లేదో చెప్పే నోటిఫికేషన్ హెల్పర్ జిరాలోనూ ఉంది. కానీ అది అడ్మిన్ పనిముట్టు. జవాబు అవసరమైనది చదివే మనిషికి. దొరికేది అడ్మిన్‌కు.

రొద తగ్గించడంలో మాత్రం జిరా ముందడుగు వేసింది. 2019లో వచ్చిన జిరా సర్వర్ 8.0 ఒకే ఇష్యూ మీద వెంటవెంటనే జరిగిన మార్పులను ఒకే మెయిల్‌గా కూర్చి పంపసాగింది. నిశ్శబ్దాన్ని పట్టుకోవడంలో బగ్‌జిల్లా మేలు. కొత్త బగ్‌ను ఎవరూ ముట్టుకోకుండా, డిఫాల్ట్‌గా 7 రోజులు గడిస్తే అసైనీకి గుర్తుచేసే స్క్రిప్టు దానితోనే వస్తుంది.

నా మటుకు బగ్‌జిల్లా పద్ధతి న్యాయమైనది, జిరా పద్ధతి సంస్థ అవసరానికి తగినది. జిరా తప్పనిసరైన చోట బగ్‌జిల్లా న్యాయాన్ని అందులోకి తెచ్చుకోవాలి. డిఫాల్ట్ స్కీమ్‌ను కాపీ చేసుకుని, ఆ కాపీనే దిద్దాలి. అప్‌డేట్లు, కామెంట్ల దగ్గర గ్రూపులను తీసేసి వాచర్లను ఉంచాలి, ఎందుకంటే వాచర్‌గా చేరడం, తప్పుకోవడం మనిషి ఇష్టం. గ్రూపులకు, రోల్స్‌కు పంపడాన్ని తప్పక తెలియాల్సిన ఒకటి రెండు ఈవెంట్లకే పరిమితం చేయాలి. చాలా ఇష్యూలను ఒకేసారి మార్చే బల్క్ ఛేంజ్ చేసేటప్పుడు మెయిల్ పంపే టిక్ తీసేయాలి. ఏ కబురు ఎవరికి ఎందుకు వెళ్తుందో బృందమంతా చూసేలా రాసి పెట్టాలి. కారణం తెలియని మెయిళ్లు పెరిగితే మనిషి ట్రాకర్ నుంచి వచ్చేవన్నీ ఒక ఫోల్డర్‌లోకి మళ్లించి వదిలేస్తాడు. ఆ తర్వాత సర్వర్ కూలిందన్న కబురు కూడా ఆ ఫోల్డర్‌కే చేరుతుంది.