జవాబివ్వని సర్వర్, పట్టువదలని క్లయింట్

1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్, అంటే ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను మరో కంప్యూటర్ తనవాటిలాగే వాడుకునే వీలు కల్పించే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, మూడో వెర్షన్ వరకూ ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోనక్కర్లేని పద్ధతిలోనే నడిచింది. సర్వర్ కూలి మళ్లీ లేచినా, క్లయింట్ పాత అభ్యర్థననే తిరిగి పంపితే పని సాగిపోతుంది. నిర్వాహకులను నేటికీ వేధించే చిక్కుల్లో చాలావరకు ఈ వెసులుబాటుకు మరో ముఖమే గాని, వట్టి ప్రోగ్రామింగ్ పొరపాట్లు కావు.

వీటిలో ఎక్కువగా తికమకపెట్టేది 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' దోషం. హ్యాండిల్ అంటే ప్రతి ఫైలుకూ సర్వర్ ఇచ్చే గుర్తింపు సంకేతం. అందులో ఫైలు పేరు ఉండదు, సాధారణంగా డిస్క్ విభాగం గుర్తు, ఐనోడ్ అనే అంతర్గత సంఖ్య, ఆ ఐనోడ్‌ను మళ్లీ వాడినప్పుడల్లా మారే మరో సంఖ్య ఉంటాయి. అందుకే వేరొక క్లయింట్ ఆ ఫైలును తొలగించి అదే పేరుతో కొత్తది పెట్టినప్పుడు, పేరు కళ్లెదుటే కనిపిస్తున్నా, పాత ఫైలును తెరిచి ఉంచిన ప్రోగ్రాముకు మాత్రం దోషమే ఎదురవుతుంది. ఫైలును మూసి మళ్లీ తెరవడం, అది చాలకపోతే ఆ ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి (విడదీసి) తిరిగి మౌంట్ చేయడం (జోడించడం) దీనికి మందు. సర్వర్ రీబూట్ అయినప్పుడల్లా ఇదే బెడద తలెత్తుతుంటే మాత్రం, సర్వర్ ఎగుమతి పట్టికలో ఎఫ్‌ఎస్‌ఐడి (పైన చెప్పిన డిస్క్ విభాగం గుర్తు) విలువను స్థిరపరచాలి.

సర్వర్ పలకనప్పుడు, స్థానిక డిస్కులన్నీ సవ్యంగా ఉన్నా, ఖాళీ స్థలం చూపించే 'డిఎఫ్' ఆదేశం సైతం బిగుసుకుపోతుంది. ఎందుకంటే లినక్స్‌లో సహజంగా ఉండే 'హార్డ్' మౌంట్, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. దీనికి విసిగి 'సాఫ్ట్' మౌంట్‌కు మారితే కొన్ని ప్రయత్నాల తర్వాత దోషం తిరిగి వస్తుంది గాని, దాన్ని పట్టించుకోని ప్రోగ్రాము సగం రాసిన ఫైలును పూర్తయినదిగా భావించే ప్రమాదం ఉంది కనుక, రాతపనులు జరిగే చోట ఆ మార్పు వివేకం అనిపించుకోదు. ఇరుక్కున్న పనిని మధ్యలో ఆపే వీలు కోసం పాత మార్గదర్శకాలు ఇప్పటికీ సిఫారసు చేసే 'ఇంటర్' ఐచ్ఛికాన్ని 2.6.25 తర్వాతి లినక్స్ కెర్నెల్ అసలు లెక్కలోకే తీసుకోదు. ఇరుక్కున్న ప్రక్రియను ఆపడానికి సిగ్‌కిల్ సంకేతం ఒక్కటే పనికివస్తుంది.

ఒకరు రాసిన ఫైలు మరొకరికి వెంటనే కనిపించకపోవడం వీటన్నిటికంటే చిన్న సమస్య: ఫైళ్ల వివరాలను 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీల వివరాలను 30 నుంచి 60 సెకన్లు క్లయింట్ తన దగ్గర నిల్వ ఉంచుకుంటుంది. 'నోయాక్' ఐచ్ఛికంతో ఆ నిల్వను ఆపేయవచ్చు గాని, ప్రతి చిన్న విచారణకూ సర్వర్ దాకా వెళ్లిరావలసి రావడంతో వేగం బాగా పడిపోతుంది.