ఎవరి కమ్యూనిటీ? ఎవరి హాలు?

కల్వకుర్తి చుట్టుపక్కల చాలా పల్లెల్లో ఊరి నడుమ గ్రామపంచాయతీ భవనం ఉంటుంది, వాడలో ఎస్సీ కమ్యూనిటీ హాలు ఉంటుంది. మొదటిదానికి కులం పేరు లేదు. రెండోదానికి బోర్డు మీదే ఉంది. రెండూ సర్కారు సొమ్ముతో కట్టినవే గదా, ఈ తేడా ఎందుకని ఊరు అడగలేదు. నిజం చెప్పాలంటే మనమూ అడగలేదు. హాలు శాంక్షన్ చేయించిన నాయకునికి దండేసి పంపినం. ఆ ప్రశ్నను ఇప్పుడైనా అడగాలన్నది మా ఉద్దేశం.

వాడలోకి హాలు రాకముందు ఊర్లో చావడి ఉండేది. నిజాం పాలనలో పల్లె పెత్తనం పటేల్, పట్వారీల చేతుల్లో, గడీ ఉన్న చోట దొర చేతిలో నడిచింది. శిస్తు వసూలు, తగాదాల తీర్పు, వెట్టికి ఎవరు పోవాలన్న నిర్ణయం, అన్నీ అక్కడే. ఊరందర్నీ అక్కడికి పిలిచేది మాదిగ డప్పు. పిలిచిన మనిషికి మాత్రం లోపల చోటు లేదు. చెప్పులిడిసిన కాడ నిలబడి తీర్పు వినాలి గాని చెప్పడానికి లేదు. అంటే చావడి ఉమ్మడి స్థలం అన్నమాట మొదట్నుంచీ అబద్ధమే. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయినై. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలన్న అలవాటు మాత్రం వాటితో పాటు రద్దు కాలేదు.

రాజ్యాంగం 15(2) అధికరణం ప్రకారం ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే చోట్లు కులంతో పని లేకుండా అందరివీ. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో శిక్షలతో చట్టం కూడా వచ్చింది. వీటన్నిటి సారం ఒక్కటే, ఊరి తలుపు తెరవాలని. ఆ తలుపు తెరిపించాలంటే ఊరి పెద్దలతో తగువు పడాలి. వాడలో వేరే హాలు కడితే ఏ తగువూ లేదు. ఊరు తన చోట తాను ఉంటుంది, వాడ తన చోట తాను ఉంటుంది, సర్కారుకు సంక్షేమం చేసిన పేరు దక్కుతుంది. వేరుగా ఉంచిన జనాన్ని వేరుగానే ఉంచి, దానికి 'కమ్యూనిటీ' అని పేరు పెట్టడం ఇదే.

అట్లాగని హాలు వద్దంటారా అని మిత్రులు అడుగుతారు. వద్దనడం లేదు. రెండు గదుల ఇండ్లల్లో పెండ్లి ఎట్లా చేస్తారు? వానలో దినకర్మకు వచ్చిన చుట్టాలు ఎక్కడ కూర్చుంటారు? కల్వకుర్తిలో ఫంక్షన్ హాలు కిరాయి వలస కూలికి అందేది కాదు. అవసరం నిజమే. ఆ అవసరాన్ని ఎట్లా వాడుకుంటున్నారన్నదే మా విమర్శ. 1993లో మొదలైన ఎంపీ నిధుల పథకంలో 15 శాతం ఎస్సీలుండే ప్రాంతాలకు ఖర్చు పెట్టాలని నిబంధన ఉంది. 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది, తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఇట్లాంటి నిధులతో భూమి కొనివ్వడం కష్టం, హాలు కట్టడం తేలిక. కాంట్రాక్టరుకు బిల్లు, నాయకునికి శిలాఫలకం. నాగార్జునసాగర్, శ్రీశైలం డ్యాములకు రాళ్లు మోసిన పాలమూరు లేబర్ పేరు మాత్రం ఏ ఫలకం మీదా లేదు.

మన ఉద్యమాలు సర్కారు హాళ్లలో పుట్టలేదని కూడా గుర్తుంచుకోవాలి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగితే కనకదుర్గ గుడి మూసేశారు. మనం కూడి మాట్లాడుకోవడమే వాళ్లను అంత భయపెట్టింది. ఆ సభలోనే పంచములన్న పేరు వదిలి ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. 1985 జూలైలో కారంచేడు బాధితులు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచే అదే ఏడాది దళిత మహాసభ వచ్చింది. వీళ్లకు కట్టిన భవనం లేదు. ఎవరి అనుమతీ అడగకుండా కూడే తెగువ ఉంది.

ఇప్పుడు భవనం ఉంది, మరి తెగువ? హాలు తాళంచెవి ఎవరింట్లో ఉంది? ఏ పార్టీ మీటింగుకు తీస్తున్నారు, ఏ మీటింగుకు 'చెవి దొరకలే' అంటున్నారు? దూబగుంట ఆడవాళ్లు రాత్రి చదువుల కాడ కూడినందుకే సారా దుకాణం మూయించగలిగారు, 1993లో రాష్ట్రమంతా సారా బందయింది. మన హాళ్లలో ఆడవాళ్లు ఎప్పుడు కూర్చుంటున్నారు, వంట గిన్నెలు కడగడానికేనా? మాలవాడ హాలులో మాదిగలకు, మాదిగవాడ హాలులో డక్కలి కుటుంబాలకు చోటెంత? ఊరిని అడిగే ప్రశ్నకు మనమూ జవాబుదారులమే.

అందుకే ఒక చిన్న పని ప్రతిపాదిస్తున్నాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఏడాదికి ఆరు. అందులో ఒక్కటి వాడ హాలులో పెట్టమని ప్రతి ఊర్లో అడుగుదాం. పెద్దలొచ్చి మన చాప మీద మన పక్కన కూర్చుంటే అది కమ్యూనిటీ హాలు. రాకపోతే బోర్డు మీద కులం పేరు ఎందుకుందో ఊరే చెప్పినట్టు. ఏది జరిగినా ఆ హాలు తాళం ఆ రోజు మన చేతుల్లోనే ఉండాలి.