సంఘం తలుపు ఎవరి చేతిలో?

ఆస్ట్రేలియా ఆదివాసుల సంఘాల కోసం 2006లో చేసిన చట్టం 2007 జులై నుంచి అమలవుతోంది. దాని ప్రకారం సభ్యుల్లో ఎక్కువమంది ఆదివాసులే ఉండాలి. దరఖాస్తు చూసి చేర్చుకునేది సంఘం డైరెక్టర్లే. వంశం, తానెవరో తాను చెప్పుకోవడం, తోటివాళ్లు ఒప్పుకోవడం అక్కడ ఆదివాసి గుర్తింపుకు కొలతలు. మన కాస్ట్ సర్టిఫికెట్టు రెవెన్యూ అధికారి సంతకం మీద నిలబడుతుంది. అక్కడ తోటివాళ్ల మాటకూ విలువుంది. ఇది మెచ్చుకోదగ్గదే.

అయితే మెలిక ఉంది. అర్హత ఉన్నా డైరెక్టర్లు కాదనవచ్చు. కారణం మాత్రం రాసివ్వాలి.  సంఘం నాలుగు కుటుంబాల చేతిలో ఉంటే ఐదో కుటుంబం గతేమిటి? సుమారు 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలు ఎందరో పిల్లల్ని తల్లుల నుంచి లాక్కుపోయాయి. వాళ్ల మనవలు దరఖాస్తులో ఏ అవ్వ పేరు రాస్తారు? వాళ్లను గుర్తుపట్టేదెవరు?

మన పెసా గ్రామసభలో ఓటర్ల జాబితాకెక్కిన గిరిజనేతరుడూ సభ్యుడే. ఆ లెక్కన తలుపు ఆదివాసుల చేతిలో ఉండటమే మేలు. కానీ దూరమై తిరిగొచ్చినవాళ్లు తమ గోడు సంఘం మొత్తం ముందు చెప్పుకునే దారి నియమావళిలోనే ఉండాలి. అది డైరెక్టర్ల దయ కాకూడదు.