చౌక లాప్‌టాప్ ఎవరికి చౌక?

మీరు రాయ్‌పూర్‌లో బి.యస్సీ. చదువుతున్నారనుకుందాం. ఇంట్లో తెలుగు, కాలేజీలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. 1931లో విజయనగరం - రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయిన నాటి నుంచీ ఆ ఊరికీ ఉత్తరాంధ్రకూ నేరుగా రాకపోకలున్నాయి కనుక ఇందులో వింతేమీ లేదు. మీ చేతిలో పది, పన్నెండు వేల రూపాయలున్నాయి. ఆ డబ్బుతో లైనక్స్ మీద నడిచే చిన్న లాప్‌టాప్ ఒకటి సమకూర్చుకుంటే చదువుకు పనికివస్తుందా? వస్తుంది. కాని చౌక కంప్యూటర్ల గురించి చెప్పే మాటలన్నీ నమ్మకండి.

లైనక్స్ సంగతి క్లుప్తంగా చూద్దాం. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్ దీనికి గుండెకాయ. దీన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. యంత్రం ధరలోంచి ఆపరేటింగ్ సిస్టం ఖర్చు తగ్గుతుంది గనుక చౌక కంప్యూటర్ చేయాలనుకున్న చాలామంది దీనివైపే చూశారు.

మన దేశంలో అలాంటి ప్రయత్నమే సింప్యూటర్. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి దీన్ని రూపొందించి 2001లో లోకానికి చూపించారు. అరచేతిలో ఇమిడే యంత్రం, 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, లోపల లైనక్స్. చదువురానివారికి తెరమీది మాటలను భారతీయ భాషల్లో పైకి చదివి వినిపించే ఏర్పాటుంది. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకునేందుకు ఎవరి స్మార్ట్‌కార్డు వారికి ఉంటుంది. ఈ స్మార్ట్‌కార్డు ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో పిల్లల చదువు కోసం సింప్యూటర్‌ను వాడి చూశారు కూడా. అయినా 2004లో మార్కెట్లోకి వచ్చాక అది కొన్ని వేలకు మించి అమ్ముడుపోలేదు. దాదాపు పది వేల రూపాయలు పెడితే చేతికి వచ్చేది కీబోర్డు లేని చిన్న తెర. విద్యార్థికి చదవడమొక్కటే చాలదు కదా, రాయాలి కూడా. పుల్లతో తెరమీద పొడుస్తూ ప్రయోగశాల రికార్డు ఎలా రాస్తారు?

తరువాత వచ్చింది నికొలస్ నెగ్రొపాంటి 2005లో ప్రకటించిన 100 డాలర్ల లాప్‌టాప్. 2007లో తయారయ్యేసరికి దాని ధర 200 డాలర్ల దగ్గరకు చేరింది. ఎర్రటి ఎండలో కూడా తెర కనిపించడం దాని గొప్ప. (మే నెల రాయ్‌పూర్ ఎండలో ఎవరు కూర్చుంటారన్నది వేరే ప్రశ్న.) దీన్ని పెద్ద ఎత్తున పంచిన దేశం పెరూ. అక్కడ 319 గ్రామీణ బడులను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో, గణితం, భాషల మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. పిల్లలు కంప్యూటర్ వాడటం మాత్రం బాగా పెరిగింది. యంత్రం ఇచ్చేస్తే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

2007లోనే వచ్చిన ఆసుస్ ఈ-పీసీలో కీబోర్డు ఉంది, లైనక్స్ ఉంది. కాని 7 అంగుళాల తెర, 4 గిగాబైట్ల నిల్వ! నాలుగుసార్లు అప్‌డేట్ చేస్తే చోటు అయిపోయేది. ఈనాటి కొత్త చౌక లాప్‌టాప్‌లలో కొన్ని ఈ తప్పునే ఇంకో రూపంలో చేస్తున్నాయి. వాటిలో మెమరీని, నిల్వను బోర్డుకే అతికించేస్తారు. చాలకపోతే పెంచలేరు, పాడైతే మార్చలేరు. కొన్నరోజు చౌకగా కనిపించింది మూడో ఏట మొత్తం ఖర్చుగా మారుతుంది.

అందుకే కొత్తదానికన్నా, ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మేలంటాను. ప్రాసెసర్ 64 బిట్లదై ఉండాలి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13కు పాత 32 బిట్ల యంత్రాల కోసం ఇన్‌స్టాలర్ లేదు. మెమరీ కనీసం 4 గిగాబైట్లు ఉండాలి, 8 అయితే సుఖం. మెమరీని తినేది లైనక్స్ కాదు, మీరు తెరిచే బ్రౌజర్. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్ పెట్టుకున్నా ఇరవై పేజీలు ఒకేసారి తెరిస్తే ఫలితం లేదు.

దుకాణానికి వెళ్లేముందు స్నేహితుల కంప్యూటర్‌లో లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకోండి. డబ్బు చెల్లించకముందే దానితో లాప్‌టాప్‌ను నడిపి చూడండి. లోపలి డిస్కును ముట్టుకోకుండానే వై-ఫై, ధ్వని, కెమెరా, ప్రతి మీట పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. బ్యాటరీ వివరాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి తయారైనప్పటి సామర్థ్యం, రెండోది ఇప్పుడు నిండగలిగినంత. రెండోది మొదటిదానిలో సగమైనా లేకపోతే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమనండి. దుకాణదారు పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోతే మరో దుకాణం చూసుకోండి.

లైనక్స్‌కు లోపాలు లేవని కాదు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్ ఉంటేనే నడుస్తుంది, కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. మీ కోర్సుకు ఏది తప్పనిసరో ముందే కనుక్కోండి.

ఇక రాయ్‌పూర్ తెలుగు విద్యార్థికి ప్రత్యేకంగా పనికివచ్చేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఈ అమరికలో భారతీయ లిపులన్నిటికీ వరుస ఒకటే. ఇంగ్లీషు 'కె' మీట నొక్కితే హిందీలోనూ తెలుగులోనూ వచ్చేది 'క' అక్షరమే. 'హెచ్' మీట 'ప', 'సి' మీట 'మ'. సెట్టింగుల్లో రెండు భాషలూ చేర్చి, మార్చుకోవడానికి ఒక మీట కేటాయించుకుంటే చాలు. తెలుగులో తరచు వచ్చే హ్రస్వ ఎ, ఒ గుర్తులకు మాత్రం రెండు మీటలు అదనంగా గుర్తుపెట్టుకోవాలి. మొదటి వారం వేళ్లు తడబడతాయి. రోజూ అరగంట చొప్పున నెలరోజులు సాధన చేస్తే, కాలేజీకి ఇవ్వాల్సిన హిందీ వ్యాసమూ, ఇంటికి రాసే తెలుగు ఉత్తరమూ ఒకే చేతివాటంతో సాగుతాయి.