జవాబు రాని ప్రార్థన: 'ప్రేయర్స్ ఫర్ బాబీ'లో తల్లి విశ్వాససంక్షోభం

వ్యాససంగ్రహం

కుమారుడు స్వలింగప్రేమికుడని తెలిసిన ఒక క్రైస్తవ మాతృమూర్తి జీవితాన్ని అమెరికా పాత్రికేయుడు లీరాయ్ ఆరన్స్ 1995లో 'ప్రేయర్స్ ఫర్ బాబీ' పేరుతో గ్రంథస్థం చేశారు. 2009లో ఇది టెలివిజన్ చలనచిత్రంగా వచ్చింది. ఆమె విశ్వాససంక్షోభం ఎప్పుడు మొదలైంది, దేనివల్ల మొదలైంది, దానికి ఆమె చెల్లించిన మూల్యమేమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విశ్వాసం, సాక్ష్యం, స్వలింగప్రేమ, లేఖనపఠనం, పుత్రశోకం, గాంధారి.

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో 'సాక్ష్యం చెప్పడం' అందరికీ పరిచితమైన ఆచారం. దానికి స్థిరపడిన నడక ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు జవాబిచ్చాడు, ఆయనకు స్తోత్రం. చెప్పేవారు మారినా ఈ క్రమం మారదు. అమెరికాలోని ఇవాంజెలికల్ సంప్రదాయంలోనూ సాక్ష్యానిది ఇదే నిర్మాణం. 'ప్రేయర్స్ ఫర్ బాబీ' ఈ నిర్మాణాన్ని మూడవ మెట్టు దగ్గర విరిచేసిన సాక్ష్యం. ఇక్కడ కష్టం ఉంది, ప్రార్థన ఉంది, కాని అడిగిన జవాబు రాదు. ఆ తరువాత కూడా ఆ తల్లి మాట్లాడుతూనే ఉంటుంది. ఈ రచనను కేవలం హక్కుల ఉద్యమసాహిత్యంగా చదివితే ఈ విశేషం కంటబడదు.

తెలియడం, బయటపడటం

మేరీ గ్రిఫిత్ కుటుంబం కాలిఫోర్నియాలోని వాల్నట్ క్రీక్ పట్టణానికి చెందినది. వారిది ప్రెస్బిటేరియన్ సంఘం. 1963లో పుట్టిన బాబీ తన సంగతిని మొదట అన్నకు చెప్పుకున్నాడు. తమ్ముడి ప్రాణానికి ముప్పు ఉందని భయపడి, 1979లో అన్న ఆ మాటను తల్లిదండ్రులకు చేరవేశాడు. ఆంగ్లంలో ఈ సందర్భానికి వాడే మాటలో తానుగా తలుపు తీసుకొని వెలుపలికి రావడమనే అర్థం ఉంది. తెలుగులో మనం 'బయటపడింది' అంటాం. దాచిన తప్పు విషయంలోనూ, పొక్కిన రహస్యం విషయంలోనూ వాడే మాట అది. బాబీ విషయంలో ఆ తెలుగు క్రియే సరిగ్గా అమరుతుంది. అతడు బయటికి రాలేదు, అతని సంగతి బయటపడింది. తల్లికి అది మొదటినుంచీ ఒక నేరవార్తగానే అందడానికి ఈ తీరు కూడా కొంత కారణమని నా అభిప్రాయం.

ఆ వార్తతో మేరీ విశ్వాసం చలించలేదు, ఇంకా గట్టిపడింది. స్నానాలగది అద్దం మీద వాక్యాలు రాసిన చీటీలు అంటించింది; కుమారుడి పక్క దగ్గర ప్రార్థించింది; క్రైస్తవ సలహాదారు వద్దకు పంపింది. అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగప్రేమను మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించినది 1973లో. ఆరేళ్ళు గడిచినా ఆ నిర్ణయం ఈ ఇంటి గడప దాటలేదు. దేవుడు స్వస్థపరుస్తాడు, బాబీ మారుమనస్సు పొందుతాడు అన్న నమ్మకంతోనే నాలుగేళ్ళు గడిచాయి. బాబీ కూడా అదే కోరుకుంటూ ప్రార్థించాడని గుర్తుంచుకోవాలి. 1983 ఆగస్టులో, 20 ఏళ్ళ వయస్సులో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో అతడు ఆత్మహత్య చేసుకున్నాడు.

సంతానం లైంగికతను వెల్లడించగానే తల్లిదండ్రుల విశ్వాసం కూలిపోతుందనే కథాసూత్రం ఇటీవలి రచనల్లో తరచుగా కనిపిస్తోంది. ఈ గ్రంథం దాన్ని పాటించదు. కుమారుడు బతికి ఉన్నంతకాలం ఇక్కడ సంక్షోభమంతా కుమారుడిదే; తల్లికి ఉన్నది నిశ్చయత. ఈ ఆలస్యమే గ్రంథంలోని విషాదానికి మూలం.

నరకమనే ప్రశ్న

మరణానంతరం మేరీని పట్టి పీడించినది సిద్ధాంతచర్చ కాదు. 'నా బిడ్డ ఇప్పుడెక్కడ ఉన్నాడు?' అన్న ఒక్క ప్రశ్న. ఆమె నమ్మిన వాక్యం ప్రకారం మారుమనస్సు పొందనివాడికి రక్షణ లేదు. విశ్వాసం సడలినవారిని ఈ ప్రశ్న ఇంతగా బాధించదు. మేరీ తన నమ్మకాన్ని చివరి అక్షరం వరకూ నిజమని తీసుకున్నది కనుకనే అది ఆమె మీదికి తిరిగింది. ఆమె సంక్షోభానికి కారణం నమ్మకం చాలకపోవడం కాదు, దానితో పూర్తిగా పొందిక కలిగి ఉండటం.

ఆ ప్రశ్నతో ఆమె మెట్రొపాలిటన్ కమ్యూనిటీ చర్చికి చెందిన ఒక పాస్టరును ఆశ్రయించింది. స్వలింగప్రేమికులను ఆదరించేందుకు 1968లో లాస్ ఏంజెలస్‌లో ట్రాయ్ పెర్రీ స్థాపించిన సంఘమది. లేఖనాలను చారిత్రక నేపథ్యంతో మళ్ళీ చదవడం అక్కడినుంచి మొదలైంది. లేవీయకాండములో పురుషుల కలయికను నిషేధించిన నియమంతోపాటు రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట ధరించరాదన్న నియమమూ ఉంది. దానికోసం ఏ తల్లీ అద్దం మీద చీటీ అంటించదు. ఈ పునఃపఠనమే మేరీని మార్చిందన్న భావన గ్రంథం చదివినప్పుడు కలుగుతుంది. నాకు క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. బిడ్డ నరకంలో ఉన్నాడని ఒప్పుకోలేనని ఆమె హృదయం ముందే తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు తగిన పఠనాన్ని బుద్ధి తరువాత వెతుక్కున్నది. ఇది ఆమెను తక్కువ చేసే మాట కాదు. అంతకుముందు ఆమె చదివిన తీరు వెనుక కూడా ఒక భయం ఉంది.

చివరకు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. బాబీలో రోగమేదీ లేదు కనుకనే దేవుడు స్వస్థపరచలేదు. ఈ గ్రంథంతో పరిచయమున్నవారందరూ ప్రస్తావించే ఘట్టమిది. సాధారణంగా దీన్ని ఓదార్పుగా వ్యాఖ్యానిస్తారు. నిజానికి ఇంతటి కఠినమైన వాక్యం గ్రంథంలో మరొకటి లేదు. పాత విశ్వాసంలో కుమారుడు దోషి, తల్లి నిర్దోషి. ఆమె చేయవలసినదంతా చేసింది. కొత్త ఎరుకలో కుమారుడు నిర్దోషి. అయితే లేని రోగానికి నాలుగేళ్ళు చికిత్స చేసినదెవరు? దయగల దేవుణ్ణి ఎంచుకోవడమంటే ఆ ప్రశ్నను తన నెత్తిన పెట్టుకోవడమే. తెలిసే మేరీ ఆ బరువు ఎత్తుకున్నది. ఆమె విశ్వాససంక్షోభానికి చెల్లించిన మూల్యం ఇదే.

గాంధారితో పోలిక

పుత్రశోకంలో దైవాన్ని నిలదీసిన తల్లి అనగానే మనకు స్త్రీపర్వంలోని గాంధారి గుర్తుకు వస్తుంది. ఆపగల శక్తి ఉండి ఉపేక్షించావని ఆమె కృష్ణుణ్ణి నిందించి శపిస్తుంది. మేరీ మొదటి వేదన అచ్చంగా ఇదే: శక్తి ఉన్నవాడు ఎందుకు చేయలేదు? అయితే గాంధారి ఎదుట కృష్ణుడు నిలబడి ఉన్నాడు. ఆయన శాపాన్ని స్వీకరిస్తాడు, నీ తప్పూ ఉన్నదని బదులూ చెబుతాడు. మేరీకి ఎదురుగా ఎవరూ లేరు. గాంధారి నిందనూ కృష్ణుడి బదులునూ ఆమె ఒక్కతే పలకవలసి వచ్చింది. పోలికను ఇంతకంటే సాగదీయనవసరం లేదు; గాంధారి కుమారుల అపరాధం నిజం, బాబీది కల్పితం.

చలనచిత్రం చేసిన మార్పు

రస్సెల్ మల్కాహీ దర్శకత్వంలో సిగోర్నీ వీవర్ తల్లిగా నటించిన చిత్రం నిజాయితీగలదే. చీటీలు అంటించే దృశ్యాల్లో వీవర్ క్రూరత్వాన్ని కాక ప్రేమతో కూడిన తొందరను చూపడం మెచ్చదగినది. ఆ తల్లి ద్వేషించి ఉంటే బాబీ తప్పించుకొనేవాడేమో అనిపిస్తుంది. కాని ఉత్తరార్ధంలో నగరసభలో ప్రసంగం, శాన్ ఫ్రాన్సిస్కో ఊరేగింపు, బాబీని తలపించే ఒక యువకుణ్ణి తల్లి హత్తుకోవడం వరుసగా వస్తాయి. విరిగిన సాక్ష్యాన్ని చిత్రం అతికించి, చివర స్తోత్రం చేర్చింది. ప్రేక్షకుడు కన్నీళ్ళతో, ఒక విధమైన ఉపశమనంతో లేస్తాడు.

గ్రంథం ఆ ఉపశమనాన్ని అంత సులభంగా ఇవ్వకపోవడానికి కారణం బాబీ దినచర్య పుస్తకాలు. ఆరన్స్ తన కథనం మధ్య వాటి భాగాలను కూర్చారు. తల్లి వాటిని చదివినది కుమారుడి మరణం తరువాత. తల్లి మారుతున్న పుటల పక్కనే, ఆ మార్పు సంగతి తెలియని కుర్రవాడు తనను తాను అసహ్యించుకుంటూ రాసిన పుటలు ఉన్నాయి. కూర్పు ఆరన్స్‌దే అయినా, ఆ పుటల్లోని కుర్రవాడు తల్లిని క్షమించే స్థితిలో ఎక్కడా లేడు. అతడికి తల్లి తప్పు చేస్తోందన్న అనుమానమే పూర్తిగా కలగలేదు.